అప్‌డేట్: వాలు పెరడు – గోడలు, వట్టివేరు

బెంగళూరులో ఇంటి వెనక పెరడు బాగా వాలు, వానొస్తే ఎర్రమట్టంతా జారిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఒకే ఎత్తు గోడ బదులు మెట్లుగా రెండు కట్టించాం. ఒక్కోటి రెండున్నర అడుగుల ఎత్తు, సైజు రాయి (కొలతకి చెక్కిన రాయి), సిమెంటు లేదు. పునాది అడుగు లోతు. గోడ ప్రతి అడుగు ఎత్తుకీ రెండు అంగుళాల చొప్పున మట్టివైపు వాలాలి.

అసలు పనంతా గోడ వెనకే. అడుగు వెడల్పున 20 ఎంఎం కంకర, దాని అడుగున చిల్లుల పీవీసీ పైపు (4 అంగుళాలది, చిల్లులు కిందికి), 100 అడుగులకి అడుగు వాటం. కంకరకీ మట్టికీ మధ్య, నీళ్లని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ తప్పనిసరి. "ఎందుకండీ దండగ" అంటాడు మేస్త్రీ, వినకండి. గుడ్డ లేకపోతే బంకమన్ను కంకర సందుల్లో పూడుకుపోతుంది, నీళ్లు నిలుస్తాయి, ఆ ఒత్తిడికి గోడ మధ్యలో పొట్ట వస్తుంది. డాబా నీళ్ల పైపు కూడా గోడ వెనక్కి వదలకూడదు, విడిగా కాలవలోకి తీసుకెళ్లాలి.

మిగతా వాలంతా, వేళ్లతో మట్టిని పట్టి ఉంచే వట్టివేరు గడ్డే: వాలుకి అడ్డంగా వరసలు, పిలకకీ పిలకకీ 6 అంగుళాలు. మామిడి నీడలో మాత్రం అది సరిగ్గా ఎదగదు. అక్కడికి ఏం వేస్తే బాగుంటుందో చెప్పండి.