21 నెలల బాబుతో యూరప్: 12 రోజుల్లో ఐదు దేశాలా, రెండు ఊళ్ళా?

మియాపూర్_వాసి (చర్చ ప్రారంభించినవారు):

అందరికీ నమస్కారం. మే చివరి వారంలో మేము ఐదుగురం యూరప్ వెళ్ళాలనుకుంటున్నాము. నేను, నా భార్య, మా అమ్మానాన్నలు, 21 నెలల మా బాబు. సెలవు 12 రోజులే దొరికింది. హైదరాబాదు నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కడి నుంచి రైళ్ళలో ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్, వెనిస్, రోమ్ చూసి, రోమ్ నుంచే తిరిగి రావాలన్నది నా ఆలోచన. లూసెర్న్‌లో ఉన్నప్పుడు ఒక రోజు యుంగ్‌ఫ్రౌయోహ్ మంచుకొండకు కేటాయించాను. నా భార్య మాత్రం పసివాడితో ఇది అయ్యే పని కాదని, రెండు ఊళ్ళకు మించితే తాను రానని అంటోంది. ఇంట్లో వారం రోజులుగా ఇదే వాదన. పసిపిల్లలతో వెళ్ళివచ్చినవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

రైన్_ఒడ్డున:

నేను తొమ్మిదేళ్ళుగా జర్మనీలోని బాన్‌లో ఉంటున్నాను, నాకు ఇద్దరు పిల్లలు. మీ భార్యగారి మాటే సరైనది. రానూపోనూ రెండు రోజులు తీసేస్తే మీకు మిగిలేది పది రోజులు, అందులో ఐదుసార్లు ఊరు మారుతున్నారు. ఊరు మారడమంటే రైలులో కూర్చున్న నాలుగు గంటలు మాత్రమే కాదు. ఉదయం పెట్టెలు సర్ది పదకొండింటికల్లా గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్ళో మధ్యాహ్నం మూడింటిదాకా గది ఇవ్వరు, బాబు పగటినిద్ర సరిగ్గా ఆ మధ్యలో స్టేషన్ గోలలో పడి చెడిపోతుంది. దానికి తోడు వేసవిలో మీకూ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా ఉంటుంది. మీ ఇంట్లో ఆరున్నరకు లేచే బిడ్డ ఇక్కడ మొదటి రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు, మే చివరలో పారిస్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగు పోదు కనుక తొందరగా పడుకోనూ పడుకోడు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా లూసెర్న్ వెళ్ళి నాలుగు రోజులు, పారిస్‌లో ఆరు రోజులు ఉండండి. జర్మనీలోనూ స్విట్జర్లాండ్‌లోనూ ఆరేళ్ళలోపు పిల్లలకు రైలు టికెట్ అక్కరలేదు. జర్మనీలో ఐసీఈ అనే వేగవంతమైన రైళ్ళలో పసిపిల్లలున్న కుటుంబాల కోసం విడిగా ఒక చిన్న గది ఉంటుంది, ముందే రిజర్వు చేసుకోవాలి. స్విస్ రెండంతస్తుల రైళ్ళలో కొన్నింటి పై అంతస్తులో పిల్లలకు జారుడుబల్ల కూడా ఉంటుంది. యుంగ్‌ఫ్రౌయోహ్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ తలనొప్పి వస్తే చెప్పుకోగల వయసు కాదు మీ బాబుది. దానికి బదులు 1871లో మొదలైన రిగి కొండ రైలు ఎక్కండి. ఆ శిఖరం 1,800 మీటర్లకు కాస్త తక్కువే, లూసెర్న్ నుంచి పడవలో వెళ్ళి ఆ రైలు అందుకోవచ్చు.

కొల్లేరు_కొంగ:

ఆ వయసులో చూసినది ఏదీ గుర్తుండదు, బాబును అమ్మమ్మగారింట్లో వదిలి వెళ్ళండి.

పాలకొల్లు_పిల్ల:

గుర్తుండటమే లెక్కయితే ఉగ్గు కూడా పెట్టనక్కరలేదు కదండీ.

లెక్కల_మాస్టారు:

భావోద్వేగాలు పక్కన పెట్టి అంకెలు చూద్దాం. రెండేళ్ళలోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుంటే చాలా విమానాల్లో పెద్దల ధరలో పదో వంతుతో సరిపోతుంది, రెండేళ్ళు నిండాక సీటు కొనవలసిందే, అది ముప్పాతిక వంతుదాకా ఉంటుంది. తిరుగు ప్రయాణానికి ముందు రెండో పుట్టినరోజు వచ్చినా ఆ ప్రయాణానికి సీటు తప్పదు. ఈ దేశాలన్నింటికీ చెల్లే షెంగెన్ వీసాకు పెద్దలకు తలా 90 యూరోలు, ఆరేళ్ళలోపు పిల్లలకు రుసుము లేదు, పన్నెండేళ్ళలోపు వారికి వేలిముద్రలూ అక్కరలేదు. ఒకే వీసాతో, ఒకే విమాన ఖర్చుతో ఐదు దేశాలు చూసే అవకాశం ఉండగా రెండు ఊళ్ళు చూసి రావడమంటే కాశీకి వెళ్ళి గంగలో మునగకుండా వచ్చినట్లే.

2019లో మా అబ్బాయి కుటుంబంతో, రెండేళ్ళ మనవరాలితో ప్యాకేజీ బస్సులో 11 రోజుల్లో ఏడు దేశాలు తిరిగాము. ఎవరికీ ఏమీ కాలేదు. పాప కోసం ఇంటి నెయ్యి, కందిపొడి పట్టుకెళ్ళాము. స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) అసలు తీసుకెళ్ళలేదు. మన పిల్లలు చంకన పెరిగినవారే.

రైన్_ఒడ్డున:

స్ట్రోలర్ విషయంలో మాస్టారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. వెనిస్‌లో నాలుగువందలకు పైగా వంతెనలు ఉన్నాయి, వాటిలో ఎక్కువ వాటికి మెట్లే. రోమ్ పాతబస్తీలో నల్లరాళ్ళు పరిచిన వీధుల మీద చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. పారిస్ మెట్రోలో 14వ లైనులో అన్ని స్టేషన్లలోనూ లిఫ్టు ఉంది, పాత లైన్లలో చాలాచోట్ల బండిని ఎత్తుకుని మెట్లు దిగాలి. అయినా నేను చెప్పేది, ఒక్క చేత్తో మడవగలిగే తేలికైన స్ట్రోలర్ ఒకటి, ఒంటికి కట్టుకునే క్యారియర్ ఒకటి రెండూ తీసుకెళ్ళమని, పారిస్‌లో మెట్రో వదిలి సిటీ బస్సు ఎక్కమని. పదకొండు కిలోల బిడ్డను పది రోజులు చంకన మోయమనడం తేలికే, మోసే చంక ఎవరిదో చెప్పాలి.

ఇక నెయ్యి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంస పదార్థాలు తీసుకురాకూడదు. పసిపిల్లల పాలపొడికి, పిల్లల ఆహారానికి మాత్రం రెండు కిలోలదాకా మినహాయింపు ఉంది, అదీ సీలు తీయని కంపెనీ ప్యాకెట్ అయి, తెరిచేదాకా ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేనిదై ఉండాలి. కందిపొడికి అభ్యంతరం లేదు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. పెరుగు, బియ్యం ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ దొరుకుతాయి కాబట్టి పెరుగన్నానికి లోటు ఉండదు.

లెక్కల_మాస్టారు:

నెయ్యి పాల పదార్థం ఎలా అవుతుంది? అది కాచి వడకట్టిన కొవ్వు. నేను మూడుసార్లు పట్టుకెళ్ళాను, ఒక్క అధికారి కూడా పెట్టె తెరవమనలేదు.

సామర్లకోట_జంక్షన్:

పట్టుబడలేదు కాబట్టి తప్పు కాదనడం ఏ లెక్కల పుస్తకంలో ఉంది మాస్టారూ? కిందటేడాది ఒక విమానాశ్రయంలో మా పెట్టె తెరిపించి, మా అత్తగారు కట్టిచ్చిన కిలో నెయ్యి, రెండు పెట్టెల పూతరేకులు మా కళ్ళ ముందే చెత్తడబ్బాలో పడేశారు. ఆవిడకు ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:

పూతరేకులు వేరు, నెయ్యి వేరు. నా ప్రశ్నకు జవాబు ఇది కాదు.

పాలకొల్లు_పిల్ల:

జ్వరం మందు ఇక్కడి నుంచే, డాక్టరుగారు రాసిచ్చిన మోతాదు కాగితంతో సహా తీసుకెళ్ళండి. దేశాన్ని బట్టి సిరప్ గాఢత మారుతుంది. ఫ్రాన్స్‌లో పిల్లల పారాసిటమాల్‌తో ఇచ్చే, మందు కొలిచే పిపెట్ మీద కిలోల గుర్తులు ఉంటాయి, బిడ్డ బరువును బట్టి పట్టాలి. మా చెల్లెలు వాటిని మిల్లీలీటర్లు అనుకుని కంగారుపడింది. మందుల దుకాణానికి ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ శిలువ గుర్తు, జర్మనీలో ఎర్రటి 'ఎ' అక్షరం ఉంటాయి. జర్మనీలో ఆదివారం మామూలు దుకాణాలు మూసి ఉంటాయి కనుక డైపర్లు శనివారమే కొనుక్కోండి.

మియాపూర్_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. దయచేసి నెయ్యిని వదిలి అసలు విషయానికి రండి. మా నాన్నకు రోమ్ చూడాలని చాలా ఏళ్ళ కోరిక. రెండు ఊళ్ళంటే ముందు ఎగిరిపోయేది అదే. ప్యాకేజీలో వెళ్తే ఈ గొడవంతా తప్పుతుందా?

రైన్_ఒడ్డున:

ప్యాకేజీలో ఉదయం ఏడింటికి బస్సు కదులుతుంది. బిడ్డ నిద్రలేవలేదని నలభై మంది ఆగరు. నెమ్మదిగా, తక్కువ చూడండి, చూసినంత మేర హాయిగా చూడండి.

లెక్కల_మాస్టారు:

ఇప్పుడు నేను కొంచెం గట్టిగా మాట్లాడవలసి వస్తోంది. బాన్‌లో ఉన్నవారు శనివారం ఉదయం రైలెక్కి పారిస్ చూసి ఆదివారం రాత్రికి ఇల్లు చేరుకోగలరు. మాకు అలా కుదరదు. నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పి, 60వ ఏట మొదటిసారి విమానం ఎక్కాను. మోకాళ్ళు మరో పదేళ్ళు సహకరిస్తాయో లేదో తెలియదు, వీసా మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు, మా అబ్బాయికి మళ్ళీ సెలవు దొరుకుతుందో లేదో అంతకన్నా తెలియదు. 'నెమ్మదిగా చూడండి' అన్న సలహా మళ్ళీ రాగలిగినవారి విలాసం. ఆ తండ్రిగారి వయసు వారికి ఉన్నది ఒకటే ప్రయాణం, అందులో రోమ్ లేదని చెప్పే అధికారం మీకు ఎవరిచ్చారు?

రైన్_ఒడ్డున:

విలాసమన్న మాట వెనక్కి తీసుకోవాలి. వచ్చిన మొదటి మూడేళ్ళు టికెట్ డబ్బు లేక నేను అమ్మ మొహం చూడలేదు. ఎవరికి ఏది విలాసమో ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పకండి. నేను మాట్లాడుతున్నది పసివాడి గురించి.

లెక్కల_మాస్టారు:

నేను మాట్లాడుతున్నది పెద్దవారి గురించి.

గోదావరి_గట్టు:

నేను ఇక్కడ చదవడమే కానీ రాయను. నాకు 64 ఏళ్ళు. 2023లో మా అబ్బాయి, కోడలు, 20 నెలల మనవరాలితో పారిస్, రోమ్ వెళ్ళివచ్చాను. పారిస్‌లో వాళ్ళిద్దరూ లూవ్ర్ మ్యూజియం లోపలికి వెళ్ళిన పూట పాప నిద్రపోతోందని నేను తుయిలరీ తోటలో ఒక ఆకుపచ్చ ఇనుపకుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. ఐఫెల్ టవర్ దగ్గర స్ట్రోలర్ మడిస్తేగానీ పైకి తీసుకెళ్ళనివ్వరని తెలిసి, నిద్రపోతున్న పిల్లను లేపడం ఎందుకని నేనే కింద ఉండిపోయాను. రోమ్‌లో వాటికన్ మ్యూజియం గోడ నీడలో కూర్చున్నాను. తెల్లవారుజామున మూడింటికి పాప లేస్తే, పిల్లలు అలసిపోయారు పడుకోనీ అని నేనే ఎత్తుకుని వరండాలో తిప్పాను. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ప్రతిసారీ 'అమ్మా, ఒక్క గంట' అన్నారు, నేను సరే అన్నాను. ఆ గంటలను మాత్రం ఎవరూ కూడలేదు. ఊరికి వచ్చాక అందరూ యూరప్ ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పాను.

ఐదు దేశాలని ఒకరు, రెండు ఊళ్ళని ఒకరు ఇంతసేపు వాదించారు. ఏ ప్రణాళికలోనైనా మధ్యాహ్నం బిడ్డ పడుకున్నప్పుడు పక్కన ఎవరు ఉంటారో ఒక్కరూ రాయలేదు. బాబూ, మీ పట్టికలో మీ అమ్మగారి పేరు ఎక్కడుంది?

లెక్కల_మాస్టారు:

అమ్మా, కుటుంబమంటే అదే కదా. మా ప్రయాణంలో పాప ఎక్కువసేపు మా ఆవిడ దగ్గరే ఉండేది, కొన్ని చోట్ల ఆవిడ బస్సు దిగనే లేదు. ఒక్క రోజు కూడా ఫిర్యాదు చేయలేదు.

గోదావరి_గట్టు:

ఆవిడను అడిగారా మాస్టారూ, ఫిర్యాదు రాలేదనుకున్నారా?

లెక్కల_మాస్టారు:

అది మా ఇంటి విషయం, ఈ చర్చకు సంబంధం లేదు.

రైన్_ఒడ్డున:

గట్టుగారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. 2021లో మా అత్తగారు వచ్చినప్పుడు నేను కూడా 'ఒక్క గంట' అన్నదాన్నే. నెమ్మదిగా తిరగమని చెప్పాను కానీ, ఆ నెమ్మది ఎవరికి దక్కుతుందో ఆలోచించలేదు. మియాపూర్‌గారూ, జతలుగా విడిపోయి వంతులు వేసుకోండి. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, శుక్రవారం రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంటుంది. ఉదయం మీ అమ్మానాన్నలు, సాయంత్రం మీరిద్దరూ వెళ్ళవచ్చు, బాబు లక్సెంబర్గ్ తోటలో చెరువు మీద తేలే బొమ్మ పడవలు చూసుకుంటాడు.

సామర్లకోట_జంక్షన్:

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశపు వీసాకే దరఖాస్తు చేయాలి కనుక, ఇది తేలకుండా వీసాకు వెళ్ళకండి.

మియాపూర్_వాసి:

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నిజం చెప్పాలంటే అమ్మ వస్తే బాబుకు ఇబ్బంది ఉండదని నేను నా భార్యతో పలుమార్లు అన్నాను, అమ్మకు ఏమి చూడాలని ఉందో అడగలేదు. నిన్న రాత్రి అడిగితే 'మీరు ఎక్కడికంటే అక్కడికే' అంది. మళ్ళీ అడిగాను. సరస్సులో పడవెక్కి ఒక పూటంతా ఊరికే కూర్చోవాలని ఉందని, అప్పుడు బాబును తన ఒళ్ళో పెట్టవద్దని చెప్పింది. నా భార్యకూ ఊళ్ళ సంఖ్యతో అంత పేచీ లేదట. రోజూ మూడింటికి లేచేది తానొక్కతే అని తెలుసు కనుకే రెండు ఊళ్ళు చాలందట. కాబట్టి లూసెర్న్ నాలుగు, పారిస్ ఆరు. మూడింటి కాపలా నాదీ నాన్నదీ. రోమ్ తీసేశానని చెప్పినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు.

లెక్కల_మాస్టారు:

మీ నాన్నగారి వయసెంత?

మియాపూర్_వాసి:

69. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు.

లెక్కల_మాస్టారు:

పారిస్ నుంచి రోమ్‌కు విమానం రెండు గంటలే. ఆరు రోజుల్లో రెండు రోజులు మీ అమ్మగారిని, నాన్నగారిని ఇద్దరినే పంపండి. రైళ్ళు నడిపినవారికి దారి తెలియకపోదు. ఆ రెండు రోజులు బాబు మీ దంపతుల దగ్గర ఉంటాడు. నెయ్యి తీసుకెళ్ళకండి, ఆ నిబంధన నేను కూడా చదివాను.