స్టిరాయిడ్ తగ్గిస్తుంటే నొప్పులు తిరగబెట్టాయి: ఓర్చుకోవాలా, డోసు పెంచాలా?

పటమట_కోడలు: మా అత్తగారికి పాలీమయాల్జియా రుమాటికా అనే ఒళ్లు నొప్పుల జబ్బు. పొద్దున్నే భుజాలు, తుంట్లు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయేవారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ 15 మి.గ్రా. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే శుభ్రంగా లేచి తిరిగారు. తగ్గిస్తూ తగ్గిస్తూ 5కి వచ్చాం. ఇప్పుడు 2.5 చేశాక మళ్లీ జడ కూడా వేసుకోలేకపోతున్నారు. ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్తపరీక్షలు ఇఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగానే వచ్చాయి. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ ఇంకా దూరం. మళ్లీ 5 వేయొచ్చా?

బ్రాడీపేట_మాస్టారు: వద్దమ్మా. ఒకసారి పెంచారంటే ఇక ఆ మందు వదలదు. ఉప్పు కాపడం పెట్టండి, ఓర్చుకుంటే ఒళ్లు అదే అలవాటు పడుతుంది. షుగరు, కళ్లలో శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, ఇవన్నీ కొనితెచ్చుకుంటారా?

కొత్తపేట_ఫార్మసిస్ట్: మాస్టారూ, అంత తేలిక కాదండి. నెలల తరబడి బయటినుంచి స్టిరాయిడ్ అందితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టిరాయిడ్) తయారుచేయడం తగ్గించేస్తాయి. ఒంట్లో రోజూ తయారయ్యేది ఇంచుమించు 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కి సమానం, అందుకే అక్కడినుంచి దిగేటప్పుడే అసలు జాగ్రత్త పడాలి. 10 కిందికి వచ్చాక నెలకు 1 మి.గ్రా. చొప్పున తగ్గించడం మామూలు పద్ధతి. వీళ్లు ఒక్కసారే సగానికి కోసేశారు. జబ్బు తిరగబెట్టిందా, డోసు తగ్గినందుకు ఒళ్లు నొప్పులా అన్నది డాక్టరే తేల్చాలి, ఫోన్ చేసైనా అడగండి.

బ్రాడీపేట_మాస్టారు: 1 మి.గ్రా. ఎలా తగ్గిస్తారు? 5 బిళ్లని ఐదు ముక్కలు చేస్తారా?

కొత్తపేట_ఫార్మసిస్ట్: ఒకరోజు 5, ఒకరోజు 2.5 అని మార్చి మార్చి రాసే డాక్టర్లూ ఉన్నారు.

బ్రాడీపేట_మాస్టారు: బిళ్ల సమంగా విరగదు. మీ షాపులో ఎప్పుడైనా విరిచి చూశారా?

కృష్ణలంక_కుర్రాడు: ఆవిడ చెయ్యి లేవట్లేదంటే మధ్యలో ఈ బిళ్ల గొడవేంటండీ బాబూ.

బ్రాడీపేట_మాస్టారు: నీకేం తెలుసయ్యా. మా అన్నయ్యకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఏళ్ల తరబడి ఏదో బిళ్ల ఇచ్చాడు, స్టిరాయిడ్ అని ఒక్కముక్క చెప్పలేదు. తుంటి ఎముకకి రక్తం అందక కుంగిపోయి ఆపరేషన్ దాకా వెళ్లింది. అది చూసినవాణ్ని నేను.

పటమట_కోడలు: మీ అన్నయ్యగారి సంగతి బాధాకరమే మాస్టారూ, కానీ అది లెక్కాపత్రం లేని మందు. మీరు మావారిలాగే మాట్లాడుతున్నారు. డాక్టరుగారు 4 చేయమన్నారు. పెళ్లిలో ఎవరో "అమ్మ మొహం ఉబ్బిందేంటి" అన్నారని ఈయనే 2.5 చేయించారు. ఇప్పుడేమో టెస్టులు బాగుంటే నొప్పి ఎక్కణ్నుంచి వస్తుంది, పని తప్పించుకోడానికే అంటున్నారు.

బ్రాడీపేట_మాస్టారు: కన్నకొడుక్కి భయం ఉండదా?

పటమట_కోడలు: ఉంటే ఆయన టాబ్లెట్లు ఆయన మానుకోమనండి. అత్తగారిని ఒక్కరైనా అడిగారా?

కొత్తపేట_ఫార్మసిస్ట్: 4 అన్నారని ముందే చెప్పాల్సిందమ్మా! ఇవాళే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి, ఈలోగా మందు మాత్రం ఆపేయకండి. కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఫోన్ కోసం కూడా ఆగొద్దు, చూపు పోయే ప్రమాదం ఉంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా అంతే.

పటమట_కోడలు: అవేమీ లేవండి. ఫోన్ నేనే చేస్తాను.

బ్రాడీపేట_మాస్టారు: క్యాల్షియం, విటమిన్ డి రాశారా? ఎముకలకి డెక్సా స్కాన్ తీయించారా? అది కూడా అడుగు. తీయించకుండా పెంచితే మాత్రం నేను ఒప్పుకోను.