పాత రిజిస్టర్ల నుంచి ఆన్‌లైన్ క్యాటలాగ్‌కు: శాఖా గ్రంథాలయంలో పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – శాఖా గ్రంథపాలకురాలు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. మా శాఖా గ్రంథాలయంలో సుమారు ఎనిమిది వేల పుస్తకాలు ఉన్నాయి. ఇప్పటిదాకా పని అంతా యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబరు ఇచ్చి రాసుకునేది), క్యాటలాగ్ కార్డులు, ఇష్యూ రిజిస్టర్‌లతోనే నడిచింది. ఇకపై అంతా ఆన్‌లైన్‌లోనే జరగాలని లాగిన్, పాస్‌వర్డ్, ఒక బార్‌కోడ్ స్కానర్ ఇచ్చారు. శిక్షణ ఒక్క పూటలో ముగిసింది. తెర మీద ఏ గడి దేనికో చూపించారు గానీ, మా రిజిస్టర్‌లో ఉన్నది ఆ గడుల్లోకి ఎలా చేరాలో చెప్పలేదు.

ముందు పుస్తకాలు ఎక్కించాలా, సభ్యులనా? తెలుగు పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో కొట్టాలా, ఇంగ్లిషు అక్షరాల్లోనా? కొన్నేళ్ల కిందట డీటీపీ సెంటరులో చేయించిన జాబితా ఒకటి ఉంది. తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. డిగ్రీ చదివే ఒక అబ్బాయి ఒక బీరువా పుస్తకాలను ఎక్సెల్‌లో కొట్టి పెట్టాడు. అందులో ఐఎస్‌బీఎన్‌లు (పుస్తకాల మీద అచ్చయ్యే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలు) 9.78 అని మొదలై ఏదేదో అయిపోయాయి. లాగిన్‌కు వచ్చే ఓటీపీ ఇంకా బదిలీ అయిపోయిన వారి ఫోనుకే వెళ్తోంది. అన్నిటికన్నా పెద్ద బెంగ, ఉదయం తలుపు తీసేసరికే గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు పరీక్షలకు చదివే పిల్లలు వరుసలో ఉంటారు. ఆ సమయంలో నెట్ పోతే ఏం చేయాలి?

జవాబు – కళాశాల గ్రంథపాలకుడు, విజయనగరం

మేడమ్ గారూ, ఎనిమిది వేలూ ఎక్కించాకే మొదలుపెడదామనుకుంటే ఎప్పటికీ మొదలు కాదు. నిత్యం బయటికి వెళ్లే పుస్తకాలను ముందు తీసుకోండి. మీ దగ్గర అవి పోటీ పరీక్షల బీరువా, నవలల బీరువా అయి ఉంటాయి. ఇష్యూ రిజిస్టర్‌లో గత కొన్ని నెలల పేజీలు తిరగేస్తే ఏ పుస్తకాలు కదులుతున్నాయో తెలుస్తుంది. మిగతావి తిరిగి వచ్చినప్పుడల్లా ఎక్కించవచ్చు.

మీకు ఇచ్చిన వ్యవస్థ ఏదో రాయలేదు. ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ) వారి ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, చాలాచోట్ల కోహా కూడా వాడుతున్నారు. కళాశాలల్లో మాకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే సంస్థ) వారి సోల్ ఉంది. ఏదైనా పని స్వరూపం ఒక్కటే. కోహా 2000 సంవత్సరం మొదట్లో న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ గ్రంథాలయంలో వాడుకలోకి వచ్చింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని డెమో సైట్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. అసలు డేటా మీద చేయి పెట్టే ముందు అక్కడ పుస్తకం ఎక్కించి, ఇష్యూ చేసి, రిటర్న్ తీసుకుని, కావాలనే తప్పు కొట్టి ఏమవుతుందో చూడండి. చేయి తిరగడానికి అంతకు మించిన దారి లేదు.

జవాబు – డేటా ఎంట్రీ చేసే యువతి, బొబ్బిలి

అక్కా, ఐఎస్‌బీఎన్ సంగతి నేను చెబుతాను. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. పన్నెండు అంకెలు, అంతకు మించిన సంఖ్య కనిపిస్తే ఎక్సెల్ దాన్ని కుదించి చూపిస్తుంది. ఫైలు మామూలు ఎక్సెల్‌గానే ఉంటే అంకెలు లోపల భద్రంగా ఉంటాయి. ఆ గడులను ఎంచుకుని ఫార్మాట్‌ను నంబరుగా మార్చి, దశాంశ స్థానాలు సున్నా చేయండి, పదమూడు అంకెలూ తిరిగి కనిపిస్తాయి. కానీ కుదించి కనిపిస్తున్న స్థితిలోనే సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు మాత్రమే ఉండే సాదా అక్షరాల ఫైలుగా) సేవ్ చేసి ఉంటే చివరి అంకెలు పోయినట్టే. పుస్తకం తీసి మళ్లీ కొట్టాల్సిందే.

ఇకమీద ఖాళీ షీటు తెరవగానే, ఒక్క అక్షరం కొట్టకముందే, ఐఎస్‌బీఎన్, యాక్సెషన్ నంబరు, భాగం సంఖ్య ఉండే నిలువు వరుసలను టెక్స్ట్‌గా మార్చేయండి. లేకపోతే 00345 అని కొట్టిన యాక్సెషన్ నంబరు 345 అయిపోతుంది. 1-2 అని భాగాలు రాస్తే తేదీ అయిపోతుంది. ఒక గ్రంథాలయం ఫైలులో రెండు భాగాల పుస్తకాలన్నిటికీ ‘భాగం’ గడిలో తేదీలు కనిపించాయి. ఎక్కించిన తరవాత అలాంటివి వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నది ఎంచుకోండి. లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలు అవుతుంది. లిబ్రె ఆఫీస్ కాల్క్ ఉచితం, అది ఫైలు తెరిచేటప్పుడే ఏ నిలువు వరుసను ఎలా చదవాలో అడుగుతుంది. ఈ పనికి నేను దాన్నే ఇష్టపడతాను.

డీటీపీ జాబితా అను ఫాంట్లలో చేసి ఉంటుంది. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో గీతలే కనిపిస్తాయి. అనును యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. ముందు ఒక్క పేజీ మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో రిజిస్టర్‌తో పోల్చి చూసుకోండి. కొత్తగా కొట్టడానికి విండోస్ 10, 11లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చి దాన్ని ఎంచుకుంటే చాలు, విండోస్ మీటా స్పేస్ మీటా కలిపి నొక్కితే భాష మారుతుంది.

జవాబు – విశ్రాంత గ్రంథపాలకుడు, విజయనగరం

అమ్మా, పైవాళ్లు చెప్పినవన్నీ అవసరమే. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అదే. రచయితల పేర్లు ఎలా రాయబోతున్నారు?

మా ఊళ్లో పాఠకుడు వచ్చి ‘చాసో కథలు ఉన్నాయా’ అని అడుగుతాడు. పాత కార్డు మీద ‘సోమయాజులు, చాగంటి’ అని ఉంటుంది. ఎక్సెల్‌లో కొట్టిన పిల్లవాడు ‘చాగంటి సోమయాజులు’ అని కొడతాడు. కార్డుల సొరుగు ముందు నిలబడ్డ మనకు ముగ్గురూ ఒకరేనని తెలుసు. ఆన్‌లైన్ వ్యవస్థ మాత్రం ముగ్గురు రచయితలను తయారుచేసి, పుస్తకాలను మూడు చోట్లకు పంచేస్తుంది. గురజాడ వారి పేరు వెంకట కలిపి ఒకచోట, కలపకుండా ఒకచోట కనిపిస్తుంది. గిడుగు వారి పేరులో వెంకట అని ఒకరు, వేంకట అని ఒకరు, చివర పంతులు చేర్చి మరొకరు రాస్తారు. రావిశాస్త్రి అని వెతికేవాడికి రాచకొండ విశ్వనాథశాస్త్రి పుస్తకాలు దొరకాలి కదా.

దీనికి మార్గం ఉంది. ప్రతి రచయితకూ ఒక్క రూపాన్ని ఖాయం చేసి, మిగతా రూపాలను ‘దీన్ని చూడండి’ అన్నట్టు దానికి ముడిపెట్టాలి. కోహాలో దీన్ని అథారిటీ రికార్డు అంటారు. పుస్తక వివరాలను నంబర్లు వేసిన గడుల్లో రాసే మార్క్ 21 పద్ధతిలో ఖాయం చేసిన పేరు 100వ గడిలోనూ, ఇతర రూపాలు 400వ గడిలోనూ ఉంటాయి. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది మీ జిల్లాలోని అన్ని శాఖలూ కలిసి తేల్చుకోవాలి. నా మట్టుకు నేను ఇంటిపేరు ముందు పెట్టడం వైపే ఉంటాను, మన పాఠకులు అడిగేది అలాగే కనుక. పాత కార్డుల రూపాన్ని మాత్రం పారేయకండి, 400లో ఉంచండి.

కంప్యూటర్ ముందు కూర్చునే లోపు పొడుగాటి నోటు పుస్తకం ఒకటి తీసుకుని, మీ దగ్గర ఎక్కువ పుస్తకాలున్న రచయితల పేర్లు, కలం పేర్లు అందులో రాయండి. అనుమానం వస్తే శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కథా రచయితల వివరాలు చూసుకోవచ్చు. పొరుగునే అంత సంపద ఉన్నందుకు మనం అదృష్టవంతులం. ఈ నోటు పుస్తకం పని ఏ శిక్షణా చెప్పదు. డేటా ఎంట్రీకి కూర్చునే పిల్లలకూ చేతకాదు. అది మీరు మాత్రమే చేయగలిగిన పని.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, చాలా మేలు చేశారు. నోటు పుస్తకం మొదలుపెట్టాను. రాస్తుంటే ఇంకో సందేహం వచ్చింది. పాత అట్టల మీద ‘కధలు’ అని ఉంటుంది, కొత్తవాటి మీద ‘కథలు’. గ్రంథం, గ్రంధం కూడా అంతే. అన్నీ సరిదిద్ది కొట్టాలా?

జవాబు – విశ్రాంత గ్రంథపాలకుడు, విజయనగరం

సరిదిద్దవద్దమ్మా. శీర్షిక ముఖపత్రం మీద ఎలా ఉందో అలాగే 245వ గడిలో ఉండాలి, అది పుస్తకం గుర్తు. సరైన వర్ణక్రమాన్ని 246లో ఇతర శీర్షికగా చేర్చండి. అప్పుడు ఎవరు ఎలా వెతికినా దొరుకుతుంది. ఇంగ్లిషు అక్షరాల సందేహానికీ జవాబు ఇదే. తెలుగు పుస్తకానికి ప్రధాన శీర్షిక తెలుగు లిపిలోనే ఉండాలి, ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో వెతికే పిల్లల కోసం ఆ రూపాన్ని 246లో పెట్టండి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తెలుగు పుస్తకాలను కూడా సేకరిస్తుంది. వారి రికార్డును కోహాలోకి నేరుగా దించుకోవచ్చు, చాలా శ్రమ తగ్గుతుంది. కాకపోతే అందులో పేర్లు గుర్తులు పెట్టిన రోమన్ అక్షరాల్లో ఉంటాయి. తెలుగు లిపి మీరే చేర్చాలి.

వర్గ సంఖ్యలు మీ పాత రిజిస్టర్‌లో ఉన్నవే ఉంచండి. డ్యూయీ వర్గీకరణ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 కింద వస్తుంది, బీరువాల మీద అదే ఉంటే దాన్ని కదపనక్కర్లేదు.

జవాబు – డేటా ఎంట్రీ చేసే యువతి, బొబ్బిలి

ఒక చిన్న మాట చేరుస్తాను. ‘ఇంగ్లిష్‌లో’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, పొల్లు తరవాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేది. కొందరు దాన్ని కొడతారు, కొందరు కొట్టరు. చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉన్నా కొన్ని వ్యవస్థల్లో వెతికితే ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. మీ వ్యవస్థలో రెండు రకాలుగానూ ఒకసారి వెతికి చూసుకోండి.

జవాబు – శాఖా గ్రంథపాలకుడు, పలాస వైపు

నెట్ గురించి చెబుతాను మేడమ్. ఇష్యూ రిజిస్టర్‌ను అటక ఎక్కించకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. తుపాను దాకా ఎందుకు, వేసవిలో కరెంటు కోత చాలు. బల్ల మీద గీతలు కొట్టిన కాగితం ఒకటి ఉంచండి. సభ్యత్వ సంఖ్య, యాక్సెషన్ నంబరు, సమయం, ఇచ్చారా తీసుకున్నారా, ఇంతే. పేరు, శీర్షిక రాయనక్కర్లేదు, వరుస ఆగదు. నెట్ వచ్చాక అదే క్రమంలో ఎక్కించండి. క్రమం తప్పితే రిటర్న్ అయిన పుస్తకం మళ్లీ ఇష్యూలో ఉన్నట్టు చూపిస్తుంది.

స్కానర్ గురించి బెదరనక్కర్లేదు. అది అచ్చంగా కీబోర్డు చేసే పనే చేస్తుంది. యూఎస్‌బీ తగిలించి, నోట్‌ప్యాడ్ తెరిచి, ఏదైనా పుస్తకం వెనక ఉన్న బార్‌కోడ్ మీద పెట్టండి. అంకెలు వచ్చి పడితే స్కానర్ బాగున్నట్టే. ఆ తరవాత ఏదైనా తేడా వస్తే అది వ్యవస్థ వైపు చూడాలి. మీరు అంటించే లేబుల్ సంఖ్యగా మాత్రం యాక్సెషన్ నంబరునే పెట్టండి. ప్రచురణకర్త బార్‌కోడ్ ఒకే పుస్తకం ప్రతులన్నిటికీ ఒకటే ఉంటుంది కాబట్టి అది ఇష్యూకు పనికిరాదు.

జవాబు – కళాశాల గ్రంథపాలకుడు, విజయనగరం

ఓటీపీ సంగతి వాయిదా వేయకండి. బదిలీ అయినవారిని ప్రతిసారీ ఫోనులో అడిగి తీసుకోవడం ఇద్దరికీ ప్రమాదమే. రేపు ఏదైనా రికార్డు చెరిగిపోతే ఎవరు చెరిపారో తేలదు. లాగిన్ మీ పేరుకు, మీ నంబరుకు మార్చమని లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. సహాయానికి వచ్చే పిల్లలకు మీ పాస్‌వర్డ్ ఇవ్వవద్దు. పుస్తకాలు ఎక్కించే అధికారం మాత్రమే ఉండే వేరే లాగిన్ అడగండి, చాలా వ్యవస్థల్లో ఆ వీలు ఉంది.

సభ్యుల వివరాలు మీరే ఎక్కించండి. దరఖాస్తుకు జతపరిచిన ఆధార్ నకళ్లను ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికీ పంపవద్దు. మన ప్రాంతానికి ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాత దరఖాస్తుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. జిల్లా గడిలో ఇప్పటి పేరు పెట్టకపోతే ఆ సభ్యులకు వెళ్లే ఉత్తరాలు, లెక్కలు రెండూ తారుమారవుతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నా కృతజ్ఞతలు. లాగిన్ మార్పుకు దరఖాస్తు ఇచ్చాను. పోటీ పరీక్షల బీరువాలో ఒక అర పూర్తిచేసి లేబుళ్లు అంటించాను. ఆ అరలోని పుస్తకం అడిగితే పిల్లలు తమ ఫోనులోనే చూసుకుని ఉందో లేదో చెబుతున్నారు, చాలా సంతోషంగా ఉంది. చివరి సందేహం ఒకటి. గత స్టాక్ వెరిఫికేషన్లలో చిరిగిపోయి తీసేసినవి, పోయినవి రిజిస్టర్‌లో చాలా ఉన్నాయి. వాటి నంబర్లు వదిలేయాలా, కొత్త పుస్తకాలకు ఇచ్చేయవచ్చా?

జవాబు – విశ్రాంత గ్రంథపాలకుడు, విజయనగరం

ఇవ్వకూడదమ్మా. ఒక నంబరు ఒక ప్రతికే, అది పోయినా సరే. పుస్తకం లేనివాటిని ఇప్పుడు ఎక్కించనక్కర్లేదు. రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో కొట్టివేసిన పేజీల సంఖ్యలు, తొలగింపు ఉత్తర్వు తేదీ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి, ఆడిట్ వారు అడిగేది అదే. ఎక్కించాక పోయిన పుస్తకాన్ని మాత్రం చెరిపేయవద్దు. దాని స్థితిని ‘తొలగించినది’ అనో ‘పోయినది’ అనో మార్చండి, ఎవరి పేరు మీద ఎప్పుడు వెళ్లిందో ఆ చరిత్ర నిలిచి ఉంటుంది. కొత్త పుస్తకాలకు రిజిస్టర్‌లో చివరి నంబరు తరవాతి నుంచే ఇవ్వండి. జిల్లా శాఖలన్నిటికీ ఒకే వ్యవస్థ అయితే నంబరు ముందు మీ శాఖ సంకేతం చేర్చాలేమో, ఆ రెండో అర మీద చేయి వేసే ముందే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగి తెలుసుకోండి. లేబుళ్లన్నీ అంటించాక అది తెలిస్తే మళ్లీ అన్నీ పీకాల్సి వస్తుంది.