కండ్ర, కనిగిరి ఓఫియోలైట్ల వయసు ఎలా అర్థం చేసుకోవాలి?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు బోరు వేస్తే ఇసుక, ఒండ్రు తప్ప రాయి తగలదు. రాయి చూడాలంటే కొవ్వూరు అవతల పంగిడి క్వారీలకు పోవాల్సిందే. అక్కడి నల్లరాయిలో బుడగల గుంటలు, వాటిలో తెల్లటి స్ఫటికాలు, లావా పొరల నడుమ గవ్వలున్న సున్నపురాయి. గవ్వలు చూసి అది పాత సముద్రపు అడుగేమో అంటారు మా వాళ్లు. కాదు, దక్కన్ ట్రాప్స్ నాటి, సుమారు 6.5 కోట్ల ఏళ్ల లావా. నా గోల అది కాదు.

ఎమ్మెస్సీ సెమినార్‌కి ఓఫియోలైట్లు, అంటే ఖండం మీదికి ఎక్కిన పాత సముద్రపు అడుగు ముక్కలు, తీసుకున్నా. ఇప్పటి సముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన పొర దొరకడమే అరుదు, పాతదంతా సబ్‌డక్షన్‌లో (ఒక భూపలక ఇంకోదాని కిందికి దూరడం) కిందికి పోయింది. అలాంటిది నెల్లూరు షిస్టు బెల్టులోని (పాత రూపాంతర శిలల పట్టీ) కండ్ర గాబ్రోలో (లోతున మెల్లగా గడ్డకట్టిన నల్లరాయి) జిర్కాన్ అనే ఖనిజం వయసు సుమారు 185 కోట్ల ఏళ్లట, కనిగిరిది సుమారు 133 కోట్లట. ఒకే బెల్టులో ఇంత తేడానా? రెండు వేర్వేరు సముద్రాలు మూసుకుపోయాయనుకోవాలా?

ఇంకోటి. జిర్కాన్ చెప్పేది గాబ్రో గడ్డకట్టిన కాలమే కదా, ఆ ముక్క ఖండం మీదికి ఎక్కిన కాలం ఎలా పట్టుకుంటారు? ఆంఫిబోల్ అనే ఖనిజానికి ఆర్గాన్ పద్ధతి (పొటాషియం నుంచి పుట్టి పోగైన ఆర్గాన్ వాయువును కొలిచి వయసు లెక్కించడం) వాడతారని చదివా. తర్వాత మళ్లీ వేడెక్కితే ఆ గడియారం సున్నాకి రాదా?

అసలు టెన్షన్ రాయిలోని నియోబియం అనే మూలకంతో. అది తక్కువుంటే సబ్‌డక్షన్ జోన్ పైన పుట్టిందంటారు. లావాలో ఖండపు రాయి కొంచెం కరిగి కలిసినా అదే గుర్తు వస్తుందిగా! నియోడిమియం అనే ఇంకో మూలకం ఐసోటోపులు చూస్తే తేలుతుందా? ఫీల్డులో పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి. కండ్ర పిల్లో లావా (నీటిలో దిండ్లలా గడ్డకట్టిన లావా) ఫొటోలుంటే పెట్టండి, ప్లీజ్.