ఫోన్‌కి బ్యాటరీ కేస్ తొడిగితే రోజంతా చార్జింగ్ సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి

ములుగు_అక్క:
నేను తాడ్వాయి మండలంలో ఆశా వర్కర్‌ని. పొద్దున ఏడింటికి బయల్దేరితే గూడేలన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. గర్భిణుల వివరాలు, పిల్లల టీకాలు, ఫొటోలు అన్నీ ఫోన్‌లోనే ఎక్కించాలి, మధ్యాహ్నం రెండింటికే 20 శాతానికి దిగిపోతోంది. పోయిన నెల ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి, 108కి చేద్దామంటే ఫోన్ ఆగిపోయింది. పక్కింటి పిల్లగాడి ఫోన్ పట్టుకుని గుట్ట దాకా ఉరికితే అక్కడ సిగ్నల్ దొరికింది. తల్లీబిడ్డా బాగున్నారు కానీ నాకు ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. పవర్ బ్యాంక్ ఉంది, అయితే ఒక చేతిలో రిజిస్టరు, ఒక చేతిలో ఫోన్, మధ్యలో వైరు వేలాడుతుంటే పని జరగదు. బండి కుదుపులకి ఇప్పటికే ఒక వైరు పిన్ను వంగిపోయింది. వెనక పౌచ్ లాగా తొడిగే బ్యాటరీ కేస్ తీసుకోవచ్చా? నాది ఆండ్రాయిడ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, టైప్-సి పిన్ను, కొని మూడేళ్లయింది.

కాజీపేట_జంక్షన్:
అక్కా, నేను ఐఫోన్‌కి రెండేళ్లు వాడాను. రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయి వస్తాను, జనరల్ పెట్టెలో నిలబడి పోయేవాడికి చార్జింగ్ పాయింట్ ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు కేస్ చాలా అక్కరకొచ్చింది, వైరు గొడవే లేదు. బరువు మాత్రం బాగా పెరుగుతుంది, చొక్కా జేబు కిందికి గుంజుతుంది. నేను చేసిన తప్పు ఏంటంటే పొద్దున తొడిగి ఆన్ చేసి రాత్రి దాకా అలాగే వదిలేసేవాణ్ణి. ఫోన్ ఎప్పుడూ 100 దగ్గరే ఉండేది, ఎప్పుడూ వెచ్చగా ఉండేది, ఏడాదికే లోపలి బ్యాటరీ బలం తగ్గిపోయింది. తర్వాత 30కి వచ్చినప్పుడు బటన్ నొక్కి, 80 దాటగానే ఆపేయడం అలవాటు చేసుకున్నా. బటన్ లేని కేస్ మాత్రం తీసుకోకండి.

ఓరుగల్లు_రైడర్:
హన్మకొండలో డెలివరీ చేస్తా. మే నెల ఎండలో హ్యాండిల్ మీద ఫోన్, దాని వెనక కేస్ చార్జ్ చేస్తూ ఉంటే ఫోన్ వేడెక్కిందని చూపించి చార్జింగే ఆగిపోయేది. మనకు కావాల్సిన టైములోనే పనిచేయలేదు. ఐదు నెలలకు కేస్ ఉబ్బి ఫోన్ పైకి లేచొచ్చింది. కొన్న దగ్గరికి పోతే వారంటీ కాగితం మీద ముద్ర లేదని తిప్పి పంపారు, మీరు ముద్ర వేయించుకోండి. ఎండలో తిరిగేవాళ్లు ఏదైనా నీడన బండి ఆపి పది నిమిషాలు చార్జ్ చేసుకోవడమే నయం.

చౌరస్తా_రిపేర్:
పన్నెండేళ్లుగా రిపేర్ షాపు నడుపుతున్నా, కొంచెం వివరంగా చెప్తాను. కేస్ మీద 5000 అని రాసి ఉంటే అదంతా మీ ఫోన్‌లోకి ఎక్కదు. లోపలి సెల్ 3.7 వోల్టులది, ఫోన్‌కి పంపేటప్పుడు దాన్ని 5 వోల్టులకు పెంచాలి, ఫోన్ మళ్లీ దాన్ని తగ్గించి తన బ్యాటరీలో నింపుకోవాలి, ఈ రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది. 5000 కేస్‌తో మీ 5000 ఫోన్ దాదాపు మూడింట రెండు వంతులు నిండితే మంచి కేసే అనుకోండి. ఆ పోయే వేడి కూడా ఫోన్ వీపుకే అంటుకుని ఉంటుంది, పవర్ బ్యాంక్ అయితే సంచిలో విడిగా ఉంటుంది, తేడా అక్కడే. ఇంకోటి, ఐఫోన్లకు కేసులు దొరికినంతగా మన ఆండ్రాయిడ్ మోడళ్లకు దొరకవు. అన్నిటికీ సరిపోతుందని అమ్మేవి కెమెరాకు అడ్డం వస్తాయి, లేదంటే పిన్ను వదులై పోర్టును పాడుచేస్తాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేకుంటే ముట్టుకోవద్దు.
అసలు మాట ఇప్పుడు చెప్తున్నా అక్కా. మూడేళ్ల ఫోన్ అన్నారు. రోజూ నిండా చార్జ్ చేసి వాడితే లోపలి బ్యాటరీ వెయ్యిసార్లకు పైనే నిండి ఖాళీ అయి ఉంటుంది. కేస్ కొనే ముందు ఆ బ్యాటరీ చూపించండి, అది మార్చితేనే మీ సగం బాధ తీరొచ్చు.

పాకాల_చెరువు:
అక్క ఊళ్లలో అసలు దొంగ సిగ్నలే. టవర్ దూరమైతే ఫోన్ ఎక్కువ బలంతో అరుస్తూ వెతుకుతుంది, జేబులో ఊరికే ఉన్నా చార్జింగ్ తింటుంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు జనం మధ్యలో కాల్ కలవక మళ్లీ మళ్లీ చేసి మధ్యాహ్నానికే నా ఫోన్ అయిపోయింది, జేబులో డబ్బుల్లేవు, అన్నీ ఫోన్‌లోనే. సిగ్నల్ అసలు లేని దారిలో ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, గూడెం చేరాక తీయండి. 5జీ లేని చోట 4జీకే ఉంచండి.

ములుగు_అక్క:
ఏరోప్లేన్ మోడ్ పెడితే ఎవరైనా అర్జెంటుగా చేస్తే ఎలా తమ్మీ?

పాకాల_చెరువు:
సిగ్నల్ లేని చోట ఎలాగూ కాల్ రాదు కదక్కా. సిగ్నల్ ఉన్న చోట మాత్రం పెట్టకండి.

ములుగు_అక్క:
నిజమే. అయితే ముందు బ్యాటరీ మార్పిస్తా, కేస్ సంగతి తర్వాత చూస్తా. చౌరస్తా అన్నా, ఆదివారం వరంగల్ వస్తున్నా, షాపు తీసి ఉంటుందా?

చౌరస్తా_రిపేర్:
పదింటికి తీస్తాం, మార్చడానికి గంట పడుతుంది. నంబర్లు, ఫొటోలు ముందే ఎక్కడైనా దాచిపెట్టుకుని రండి. ఆ పాత పవర్ బ్యాంక్ కూడా తీసుకురండి, ఉబ్బిందో లేదో చూస్తా. ఉబ్బి ఉంటే బస్సులో తేవద్దు, చార్జింగ్ పెట్టకుండా ఇంటి బయట పక్కన పెట్టి నాకు ఫొటో పంపండి.