ఎక్కువగా ఆలోచించడం జాగ్రత్తా, జబ్బా?

నిద్రపట్టని_అనంత | సోమవారం, రాత్రి 1:12
అందరికీ నమస్కారం. నాకు 28. బెంగళూరు కంపెనీకి అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. మూడు వారాల కింద ఒక మీటింగులో మేనేజరు అడిగినదానికి తప్పు లెక్క చెప్పాను. మరుసటి రోజే సరిదిద్దాను, అక్కడ ఎవరికీ అది గుర్తు కూడా ఉండదు. నాకు మాత్రం రోజూ పడుకోగానే ఆ మాటే వినబడుతుంది, అలా ఎందుకన్నాను, వాళ్లేమనుకున్నారు, జీతం పెంచేటప్పుడు ఇది బయటికి తీస్తారా అని మూడింటి దాకా అదే తిరుగుతుంది. వేరే టీములోకి మారతానని మెయిల్ రాసి పెట్టుకున్నాను, పదకొండు సార్లు దిద్దాను, పంపలేదు. నాన్నకు చెప్తే "ఆలోచించడం మంచిదే కదమ్మా, తొందరపడేవాళ్లే చెడిపోతారు" అంటారు. నా స్నేహితురాలేమో ఇది జబ్బు అంటోంది. నేను అడిగేది ఒక్కటే. ఇంత ఆలోచిస్తే మనిషి ఎదుగుతాడా, అరిగిపోతాడా?

పాతూరు_కుర్రాడు | 1:20
ఆలోచించడం మానేసి పడుకో అక్కా. అంతే.

రిటైర్డ్_సార్ | ఉదయం 5:40
అమ్మా, నేను 34 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. లెక్క తప్పు వచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోని పిల్లవాడు బాగుపడటం నేను చూడలేదు. మీ నాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ మధ్య ప్రతిదానికీ ఓవర్‌థింకింగ్ అని పేరు పెట్టి, మనిషికి ఉండాల్సిన భయాన్ని కూడా రోగం కింద జమ కడుతున్నారు. మా కాలంలో దీన్ని ముందుచూపు అనేవాళ్లం. నిద్ర రాకపోతే ఉదయం నాలుగు కిలోమీటర్లు నడవండి.

కడప_అక్క | 8:05
నేను కడపలో డిగ్రీ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను. ముందు పాతూరు తమ్ముడికి. మానేయమంటే ఆగేది కాదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్నాడు, తలపుకొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. వాళ్లు కొడుతూనే ఉన్నారు. వద్దనుకునే కొద్దీ అదే వస్తుంది.

ఇక సార్‌కి. వెనక్కి వెళ్లి తప్పు చూసుకోవడం వేరు, చెల్లి చేస్తున్నది వేరు. సుసాన్ నోలెన్ హోక్సెమా అనే ఆవిడ దీనిమీదే జీవితమంతా పనిచేశారు. 1989లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే ఆవిడ స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల అలవాట్లు రాసి పెట్టుకున్నారు. దిగులొస్తే దాన్నే నెమరువేసుకుంటూ కూర్చునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లకు, భూకంపం అయిన ఏడు వారాల తర్వాత కూడా దిగులు ఎక్కువగా ఉంది. ఈ నెమరువేయడమే మనిషిని తినేస్తుంది. మన పెద్దలు చింతకూ చితకూ సున్నా ఒక్కటే తేడా అన్నది ఊరికే కాదు. చిత అంటే చితి, అది చచ్చినవాణ్ని కాలిస్తే చింత బతికున్నవాణ్ని కాలుస్తుంది.

చీనీతోట | 11:30
నేను నార్పల దగ్గర రైతును. అక్కా, మీరు చదువుకున్నవాళ్లు, కానీ నెమరు గురించి మీరు చెప్పింది తప్పు. మా ఇంట్లో రెండు ఎనుములున్నాయి. నెమరు వేసే గొడ్డు ఆరోగ్యంగా ఉన్నట్టు. నెమరు ఆగితే ఆ పూటే డాక్టరుకు ఫోన్ చేస్తాం. మనిషి కూడా అంతే. మా నాయన ఏమీ ఆలోచించకుండా, టెంకాయ పట్టుకుని తిరిగేవాడు చూపించిన చోటల్లా బోరు వేయించాడు. మూడు బోర్లు, మూడూ దుమ్మే. ఆ అప్పు నేను తొమ్మిదేళ్లు కట్టినాను. నేను నాలుగో బోరు గురించి ఎనిమిది నెలలుగా ఆలోచిస్తున్నాను, ఆలోచిస్తున్నాను కాబట్టే ఇంకా పొలం నా పేరు మీద ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో ఆలోచించనివాడు బతకడు.

రిటైర్డ్_సార్ | 11:52
బాగా చెప్పావు నాయనా. నెమరు గురించి చెప్పింది అక్షరాలా నిజం.

కర్నూలు_కోచింగ్ | మధ్యాహ్నం 12:10
గ్రూప్స్‌కి మూడోసారి రాస్తున్నాను. ఒక ప్రశ్నకు రెండు జవాబుల మధ్య ఊగి ఊగి, మొదట పెట్టిన సరైన జవాబు మార్చి పోగొట్టుకున్నాను. నేను అక్క వైపే.

కడప_అక్క | 1:45
అన్నా, గొడ్డు మేత వెనక్కి తెచ్చుకుని నములుతుంది, నిజమే. నమిలాక మింగుతుంది కదా! ఆ మేత పాలవుతుంది, ఒంటికి పడుతుంది. చెల్లి మూడు వారాలుగా అదే ముద్ద నములుతోంది, మింగడం లేదు. తేడా అక్కడుంది. 2003లో నోలెన్ హోక్సెమా, ఆమెతో పనిచేసినవాళ్లు దీన్నే రెండుగా విడదీశారు. ఒకటి ఏం చేయాలో తేల్చుకోవడానికి లోపలికి చూసుకోవడం. రెండోది నాకే ఎందుకిలా అని కుములుతూ కూర్చోవడం. కాలం గడిచేకొద్దీ దిగులు పెంచేది రెండోదే. మీరు ఎనిమిది నెలల్లో ఏం తేల్చుకున్నారో చెప్పండి. ఎన్ని అడుగులు, ఎంత ఖర్చు, పడకపోతే ఏం చేస్తారు?

చీనీతోట | 2:20
గొడ్డు మింగేది, మింగనిది మీరు నాకు నేర్పిస్తారా? మీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది. బోరు ఫెయిలైతే నాకు ఎవరూ ఇవ్వరు. లక్ష పైన పోతుంది, చెట్లు ఎండిపోతాయి. చీనీ (బత్తాయి) మొక్క పెట్టి కాపు చూడాలంటే నాలుగైదేళ్లు. ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించిన చెట్లవి. మీ పుస్తకంలో ఆ చెట్లున్నాయా? మీలాంటివాళ్లు వచ్చి ఆలోచించొద్దు, ప్రశాంతంగా ఉండండి అని చెప్పిపోతారు. ప్రశాంతంగా ఉండటానికి బ్యాంకులో డబ్బు ఉండాలి.

పాతూరు_కుర్రాడు | 2:25
అన్నా, అక్క ఆలోచించొద్దని ఎక్కడ అన్నది? పైన అన్నది నేను.

కడప_అక్క | 3:10
అన్నా, జీతం మాట తెచ్చారు కాబట్టి చెప్తాను. మా నాయన కూడా రైతే, పులివెందుల వైపు. రాత్రిపూట వాకిట్లో నడుస్తూ వేళ్లమీద అప్పు లెక్క వేసేవాడు. ఆ చెప్పుల శబ్దం వింటూ నేను పదో తరగతి చదివాను. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరికెంత, రోజూ అదే లెక్క, అదే జవాబు. గడువు పొడిగించమని అడగడానికి బ్యాంకు మెట్లు ఒక్కసారి ఎక్కలేదు. పగలు ఎవరైనా అడిగితే "ఆలోచిస్తున్నా" అనేవాడు. రెండేళ్లు ఆలోచించాడు. ఈలోపు వడ్డీ పెరిగి రెండెకరాలు పోయాయి. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ తర్వాత చదివినవే. ఆలోచన అనే పేరు పెట్టుకుని మనిషి తనను తానే కోసుకోవడం నాకు ఇంట్లోనే తెలుసు. అందుకే అడిగాను, ఎన్ని అడుగులని. కోపం తెప్పించాలని కాదు.

(సాయంత్రం దాకా ఎవరూ రాయలేదు.)

నిద్రపట్టని_అనంత | రాత్రి 9:15
నా వల్ల మీరిద్దరూ గొడవపడుతున్నారు, బాధగా ఉంది. అక్కా, నేనిప్పుడు ఏం చేయాలి?

కడప_అక్క | 9:40
గొడవ కాదులే చెల్లీ. ఒకటి చేసి చూడు. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట పెట్టుకో, సాయంత్రం అయితే మేలు. ఆ అరగంటలో ఎంత కావాలంటే అంత దిగులుపడు, కాగితం మీద రాయి. మిగతా వేళ ఆలోచన వస్తే వెళ్లగొట్టకు, "ఆరున్నరకు చూస్తా" అని వాయిదా వెయ్యి. 1983లో బోర్కోవెక్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు ఈ పద్ధతి పరీక్షించి ప్రచురించారు. రాసేటప్పుడు "ఎందుకిలా అయింది" అని కాకుండా "తర్వాత చేసే పని ఏంటి, ఎలా" అని రాయాలి. నిద్ర ఇలాగే చెడుతూ పని, తిండి కూడా దెబ్బతింటే మాత్రం మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు ఉంది, 2022 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా.

రిటైర్డ్_సార్ | 9:58
చింతకు కూడా టైంటేబులా? ఆరున్నరకు దిగులుపడి ఏడింటికి లేచిపోతే అది దిగులే కాదు. మనసు కుళాయి కాదమ్మా తిప్పి కట్టేయడానికి. ఇదంతా తప్పించుకునే మార్గం.

నిద్రపట్టని_అనంత | బుధవారం, రాత్రి 8:30
నిన్నా ఇవాళా కూర్చున్నాను సార్. మీటింగు గురించి రాయడం మొదలుపెడితే పది నిమిషాలకు అయిపోయింది, రాయడానికి ఏమీ లేదు. మిగతా ఇరవై నిమిషాలు నేను ఊహించనిది వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో తప్పాను, సప్లిమెంటరీలో పాసయ్యాను. పదకొండేళ్లయింది. ఇప్పటికీ చుట్టాలు వస్తే నాన్న "ఫిజిక్స్‌లో తప్పింది కదా, అందుకే ఈ కాలేజీలో వేశాం" అని చెప్తారు. నేను సంపాదిస్తున్నాను, ఇంటి లోనులో సగం కడుతున్నాను, అయినా మా ఇంట్లో తప్పు పాతబడదు. నేను భయపడేది మేనేజరుకు కాదు. ఒక్క మాట తప్పితే అది పదకొండేళ్లు ఉంటుందని నా ఒంటికి అలవాటైపోయింది.

కర్నూలు_కోచింగ్ | 8:36
మా ఇంట్లో కూడా ఇంతే అక్కా. మొదటిసారి ఎన్ని మార్కులకు పోయిందో మా పక్కింటివాళ్లకు కూడా తెలుసు.

రిటైర్డ్_సార్ | 8:50
తండ్రి గుర్తుచేసేది మళ్లీ తప్పకూడదని. దాన్ని కూడా తప్పుపడితే ఇక పెద్దవాళ్లు ఎందుకు?

నిద్రపట్టని_అనంత | 8:54
మళ్లీ తప్పలేదు కదా సార్! పదకొండేళ్లలో ఒక్కదాంట్లో కూడా తప్పలేదు. అయినా గుర్తుచేస్తూనే ఉన్నారు. ఇంకా ఎన్నాళ్లు? నాకంటూ ఒక తప్పు చేసి, దాన్ని దాటి వెళ్లే హక్కు లేదా?

రిటైర్డ్_సార్ | రాత్రి 11:47
అమ్మా, నేను నీమీద కేకలేసినట్టు రాశాను. మన్నించు. అసలు విషయం చెప్తాను. మా వాడు ఇంటర్ అయ్యాక చరిత్ర చదువుతానన్నాడు. లేపాక్షికి మూడుసార్లు తీసుకెళ్లమని ఏడ్చి మరీ వెళ్లినవాడు, ఆ వేలాడే స్తంభం నోటు పుస్తకం నిండా వేసుకున్నాడు. తోటి మాస్టర్ల పిల్లలందరూ ఇంజినీరింగు అన్నారని నేను ఒక్క రోజులో ఫీజు కట్టేసి వచ్చాను. ఆలోచించలేదు. వాడు చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు, నాతో మాత్రం తొమ్మిదేళ్లుగా "ఊ", "సరే" తప్ప మాట్లాడడు. ఆ రోజు ఆలోచించలేదు కాబట్టి అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. ఇప్పుడు మీరందరూ వచ్చి అది వట్టి నెమరు, ఒంటికి పట్టదు అంటే, ఈ తొమ్మిదేళ్లు నేను పడ్డది దేనికి లెక్క? కనీసం బాధపడటమన్నా నా తప్పుకు చెల్లింపు కావాలి కదా.

కడప_అక్క | గురువారం, ఉదయం 6:30
సార్, రాత్రి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు పడ్డది వట్టిదని నేను అనను. కానీ ఆ చెల్లింపు మీ అబ్బాయికి చేరలేదు. మీ గదిలోనే ఉండిపోయింది.

నిద్రపట్టని_అనంత | 7:05
సార్, నేను కూతురిగా చెప్తున్నాను. మా నాన్న నాకు క్షమాపణ చెప్పక్కర్లేదు, చెప్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది. తనకు తెలియనిది ఏదైనా నన్ను అడిగితే చాలు. మీరు మీ అబ్బాయిని ఏదైనా అడిగి ఎన్నాళ్లయింది?

రిటైర్డ్_సార్ | 7:40
గుర్తులేదు. ఆ నోటు పుస్తకం ఇంకా బీరువాలో ఉంది. అందులో ఒక బొమ్మ కింద వాడు ఏదో రాశాడు, అది ఏ మండపమో నాకు తెలియదు.

పాతూరు_కుర్రాడు | 7:44
ఫోటో తీసి పంపండి సార్.

చీనీతోట | గురువారం, రాత్రి 9:20
అక్కా, మీ నాయన సంగతి చదివినాక రెండు రోజులు నాకు మాట రాలేదు. నేను కూడా వాకిట్లోనే నడుస్తాను. నా భార్యకు చదివి వినిపిస్తే "మీ చెప్పుల శబ్దం మన పాప కూడా వింటోంది" అన్నది. కూర్చుని కాగితం మీద రాసినాం. భూగర్భ జల శాఖలో పనిచేసి వచ్చిన తెలిసినాయన పాయింట్ పెట్టినాడు. 800 అడుగులు, అంతకు మించి ఒక్క అడుగు పోవద్దు. పడకపోతే తోటలో సగం చెట్లు తీసేసి, ట్యాంకరు నీళ్లతో, డ్రిప్పుతో మిగతా సగం కాపాడుకుంటాం. ఇది రాయడానికి ఒక గంట పట్టింది. ఎనిమిది నెలల్లో నేను ఒక్కసారి కూడా "పడకపోతే" అని వాక్యం పూర్తి చేయలేదు. కానీ నా మాట మీద నేనున్నాను, బీదవాడికి తప్పు ఖరీదు ఎక్కువ. చెల్లికి తప్పు జరిగితే మాట పోతుంది, నాకు చెట్లు పోతాయి. ఈ తేడా మరిచిపోయి అందరికీ ఒకే మందు రాయొద్దండి.

కడప_అక్క | 9:45
ఒప్పుకుంటాను అన్నా. మొదటి రోజు ఆ తేడా నేను పట్టించుకోలేదు.

నిద్రపట్టని_అనంత | శుక్రవారం, సాయంత్రం 6:58
మెయిల్ పంపాను. పన్నెండోసారి చదవలేదు. జవాబు రాలేదు ఇంకా. నిన్న రాత్రి రెండింటికి పడుకున్నాను, మామూలుగా కంటే గంట ముందు.

చీనీతోట | శనివారం, ఉదయం 11:05
బోరు బండి వచ్చింది. ఇప్పటికి 520 అడుగులు. దుమ్మే వస్తోంది. 800 అని రాసిన కాగితం నా భార్య చేతిలో ఉంది.