అప్‌డేట్: బిస్మార్క్ రెయిలింగులు నిలబడ్డాయి

జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ 1/700 మోడల్‌కి (అసలు ఓడలో 700వ వంతు) ఇత్తడి రెయిలింగులు అతికిస్తుంటే సూపర్ గ్లూ తెల్లగా పేరుకుని డెక్ పాడవుతోందని అడిగాను కదా, మీరు చెప్పినట్టే తెల్ల ఫెవికాల్‌కి మారాను. ఆరాక కనిపించడం లేదు! ముక్కలు కోయకముందే, అవి అతుక్కుని వచ్చే ఇత్తడి ఫ్రేమ్ మీదే రంగు వేసేశాను, సగం టెన్షన్ అక్కడే పోయింది. సూదిమొనతో జిగురు చుక్క, ట్వీజర్స్, బిగబట్టిన ఊపిరి. ఒక నిచ్చెన మాత్రం ఎగిరిపోయింది; టార్చ్ వేసి చాపంతా వెతికినా దొరకలేదు.

251 మీటర్ల ఓడ ఇక్కడ 36 సెంటీమీటర్లే. ఓడ పక్కల మీద నలుపు తెలుపు చారలు వెయ్యాలా అని కూడా అడిగాను. 1941 మేలో నార్వేలో ఆగినప్పుడు అసలు ఓడ చారల మీద బూడిద రంగు వేశారు కాబట్టి, దాని చివరి పోరాటం నాటి ఓడకి చారలుండవు. కానీ మాస్కింగ్ టేప్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టాక చెరపడానికి మనసొప్పలేదు, ఉంచేశాను. మాస్ట్ ఇంకా బాకీ.